కట్టడం విలువ

గేటు ముందు స్కూటరు ఆపి, ఇళ్ళకి విలువ కట్టే వాల్యూయరు కాసేపు దిగకుండా అలాగే కూర్చున్నాడు. ఆ రోజుకి అది మూడో ఇల్లు. పొద్దున్నించీ టేపు పట్టుకుని వంగుతూ లేస్తూ ఉండటంతో నడుము లాగేస్తోంది. రేపు పదింటికి బిల్డరు మనిషి వస్తాడు. ఈలోగా దీని సంగతి తేల్చాలి.

ఎనిమిది వందల గజాల స్థలం. మూడు వైపులా తొమ్మిదేసి అంతస్తులు లేచిపోయాయి. మధ్యలో, ఎవరో అగ్గిపెట్టె పారేసుకున్నట్టు, రెండు గదుల ఇల్లు. బిల్డర్లకి కంటిమీద కునుకు పట్టనివ్వని స్థలం.

ఇంటావిడ వచ్చి గేటు తీసింది. యాభై దాటిన మనిషి. ఆవిడకీ ఒక టేపు ఉంది, మెడలో వేలాడుతూ, బట్టలు కొలిచేది. వరండాలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతుంది. ఇవాళ వాళ్ళని తొందరగా పంపించేసింది.

“మూడింటికన్నారు. నాలుగున్నరైంది,” అంది.

ముందు చూసిన ఇంట్లో ఆలస్యమైందని గొణిగాడు.

“ఒకటే మాట. ఎవరింటికైనా వెళ్తే ఎలా చూస్తారో, అలాగే చూడండి. మొహమాటం వద్దు. జాలి అసలే వద్దు. మీరు రాసింది చదివాకే, నేను అమ్మకానికి ఒప్పుకునేదీ మానేదీ.”

అతను తలూపి సంచీలోంచి టేపు తీశాడు.

మామూలుగా ఇంటివాళ్ళు బీటలకి అడ్డంగా బీరువాలు జరుపుతారు. ఈవిడ బీరువా పక్కకి లాగి మరీ బీట చూపించింది. గోడని వేళ్ళతో తట్టాడు. లోపల బోలు. స్లాబు పెచ్చులూడి, ఇనుప చువ్వలు తుప్పు పట్టి కనిపిస్తున్నాయి. వంటింటి గుమ్మం పొట్టిది. ఎవరూ చెప్పకుండానే అతని తల దానంతటదే వంగింది.

“ఈ కుళాయి కారడం మొదలై పదకొండేళ్ళు,” అంది ఆవిడ. “ఆదివారం చూస్తానన్నారు ఇంటాయన. ఏ ఆదివారమో చెప్పలేదు.”

తలెత్తకుండా రాసుకున్నాడు: కుళాయి కారుచున్నది.

వానొస్తే ఏ మూల గిన్నె పెట్టాలో, ఏ మూల బకెట్టు పెట్టాలో చూపించింది. ప్రతి వేసవిలోనూ మేస్త్రీని పిలిపిస్తానంటారట ఇంటాయన. పొద్దున్న పోతే చీకటి పడ్డాకే వస్తారట. ఇంత కాపురంలో ఈ వంటింట్లోకి ఎండ ఏ వేళకి వస్తుందో ఆయనకి తెలీదట. ఆవిడ గొంతులో కోపం లేదు. చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతు.

వాల్యూయరు వినీ విననట్టు రాసుకుంటూనే ఉన్నాడు. కానీ కిటికీ వైపు చూడకుండా ఉండలేకపోయాడు. రెండు భవనాల సందులోంచి పలకంత ఎండ వచ్చి గచ్చు మీద పడింది. నున్నగా అరిగిన ఎర్ర గచ్చు. పొయ్యి ముందు రెండు పాదాలంత మేర ఇంకా నున్నగా ఉంది.

వరండా కొలవాల్సి వచ్చింది. టేపు రెండో కొస ఆవిడే పట్టుకుంది. గోడ వారగా ఆరు కుట్టుమిషన్లు, గుడ్డలు కప్పి ఉన్నాయి. వాటికి అతని ఫారంలో గడి లేదు.

“ఐదో అంతస్తులో ఫ్లాటు ఇస్తారట,” అంది ఆవిడ. “లిఫ్టు ఉంటుందట. మిషన్ల చప్పుడు మాత్రం కుదరదట.”

మెట్టు మీద కూలబడి, ఫారం ఒళ్ళో పెట్టుకుని పూర్తిచేయడం మొదలుపెట్టాడు. స్థలం విలువ దగ్గర పెద్ద అంకె పడింది. కట్టడం వయసు, నలభై ఎనిమిదేళ్ళు. తరుగుదల, పూర్తిగా. ఇక మిగిలింది కట్టడం విలువ. చెయ్యి అలవాటుగా కిందికి దిగింది.

“ఏం రాస్తారక్కడ?” అంది ఆవిడ, పక్కన కూర్చుంటూ.

“సున్నా.”

“అందరికీ అదేనా?”

“ఇంత పాతవైతే అదే.”

“వాళ్ళేమంటారు?”

కాస్త ఆలోచించాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎన్ని ఇళ్ళకి ఆ సున్నా చుట్టాడో లెక్క లేదు. ఒక్కో ఇంటికి పది నిమిషాలు, పావుగంట. ఎవరి మొహమూ గుర్తు లేదు. రాసి చేతికిస్తే చూసుకునేవాళ్ళు. ఆ తర్వాత వాళ్ళెక్కడికి వెళ్ళారో ఎప్పుడూ కనుక్కోలేదు.

“ఏమీ అనరు,” అన్నాడు.

“అయితే రాయండి. నేనూ ఏమీ అనను.”

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉంటే బాగుండేది. లేదు. మోకాళ్ళ మీద చేతులానించి, రోజంతా మిషను తొక్కిన మనిషి ఎలా కూర్చుంటుందో అలా కూర్చుంది ఆవిడ, అంతే.

పక్క భవనం నీడ మెట్టు దాకా వచ్చింది. చివరికి ఆ గడి ఖాళీగా వదిలేసి, కింద అభిప్రాయం అన్నచోట నెమ్మదిగా రాశాడు: నివాసయోగ్యము. పైకప్పు, గోడలు, కుళాయి వెంటనే బాగుచేయించవలెను. అమ్మకము అవసరము లేదు.

ఆవిడ కాగితం తీసుకుని, దూరంగా పట్టుకుని రెండుసార్లు చదివింది.

“మరి బాగుచేయించేదెవరు?” అంది.

అతను పెన్ను అందించాడు.

ఫారం అడుగున యజమానుల సంతకాలకి రెండు గీతలున్నాయి. మొదటి గీత మీద సంతకం పెట్టి ఆవిడ పెన్ను తిరిగిచ్చాక, రెండో గీత మీద వాల్యూయరు పెట్టాడు, ఆవిడ భర్తగా.