నీలిపోగుల కోటు

“ఎడమ చంక కింద పట్టేస్తోంది,” అన్నాడు లాక్లన్, మూడో ట్వీడ్ ఉన్నికోటు కూడా విప్పేస్తూ.

“పెద్దాయనా, చంకతో మీకంత పనేంటండీ?” అన్నాడు గెవిన్.

మామగారు మంచాన పడితే ఆయన కోట్ల కొట్టు చూసుకోవడానికి నెల కిందటే ఓబన్ ఊరికి వచ్చాడు గెవిన్. అంతకుముందు గ్లాస్గోలో బూట్లమ్మేవాడు. కిల్ట్ మీదికి, అంటే ఇక్కడి మగవాళ్ళు కట్టే గళ్ళ లంగా మీదికి, వేసే కోటు మామూలు కోటు కన్నా పొట్టిగా ఉండాలని మామగారు చెబితే తెలిసింది. అంతవరకే తెలుసు.

“ఆ చెయ్యి కాస్త ఎడంగా పెట్టుకోవాలి. చర్చి గేటు నుంచి గుమ్మం దాకా.”

“ఓహో, పెళ్ళా? ఎవరిది?”

“మా అమ్మాయిది. శనివారం.”

“ముందే చెప్పరేం మరి. ఆ పిల్ల చెయ్యి పట్టుకునేది ఆ సందులోంచేగా. ఇంతసేపూ మీకేదో జబ్బనుకుంటున్నాను.” గెవిన్ లోపల కుట్టుమిషన్ ముందున్న భార్యకి కేకేశాడు. “పెళ్ళికూతురి నాన్నగారట, లోపలున్న మంచి కోట్లు పట్రా.”

ఆ మాట ఇంకోసారి అంటే బావుణ్ణని లాక్లన్‌కి అనిపించింది.

కూతురు కర్స్టీకి నాలుగేళ్ళప్పుడు తల్లి దాన్ని ఎత్తుకుని, వాళ్ళుండే మల్ అనే దీవి నుంచి పడవెక్కి వెళ్ళిపోయింది. ఆవిడ తప్పేం లేదు. లాక్లన్ తాగేవాడు. జీతం తాగాడు, పొయ్యిలోకి కొన్న బొగ్గు అమ్మి తాగాడు. మానేసేసరికి ఇంట్లో ఎవరూ లేరు. రాసిన ఉత్తరాలు విప్పకుండానే తిరిగొచ్చాయి. పిల్ల ఎక్కడుందో, ఏం చదివిందో వాళ్ళనీ వీళ్ళనీ అడిగి తెలుసుకుంటూనే ఉన్నాడు గానీ, ఎదుటపడడానికి మొహం చెల్లలేదు. తల్లి తన పేరు కూడా ఆ పిల్ల చెవిన పడనివ్వలేదని విన్నాడు. పడనివ్వకపోవడమే న్యాయమనుకున్నాడు.

పది రోజుల కిందట ఉత్తరం వచ్చింది. కోటు ఎలాంటిది కావాలని గెవిన్ అడిగితే, జేబులోంచి తీసి అదే చూపించాడు.

“పగటి పెళ్ళి కాబట్టి నల్లకోటు వద్దు, ట్వీడ్ వేసుకురండి. ఒంటిగంటకల్లా చర్చి గేటు దగ్గర ఉండాలి. ఆలస్యం చెయ్యొద్దు. కర్స్టీ.”

గెవిన్ పెదవి విరిచాడు. “ఏమనుకోకండి. నాన్నకి రాసినట్టు లేదు, నౌకరుకి రాసినట్టుంది.”

“మాకు మాటల్లేవు. ఇరవై నాలుగేళ్ళయింది.”

“పోన్లెండి, పిలిచింది. అది చాలు.”

“పిలిచింది,” అన్నాడు లాక్లన్. ఉత్తరాన్ని పాత మడతల మీదే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బూడిదరంగు కోటు సరిగ్గా సరిపోయింది. పదేళ్ళు తగ్గారన్నాడు గెవిన్. చంక దగ్గర కూడా ఏ ఇబ్బందీ లేదు. అయినా లాక్లన్ చూపు చివర వేలాడుతున్న కోటు మీదికే పోతోంది. ఎండిన ఆకు రంగు, మధ్యమధ్య సన్నటి నీలిపోగులు.

అచ్చం అలాంటి కోటే ఉండేది తనకి. కర్స్టీ ఆ భుజం మీదే నిద్రపోయేది. నిద్ర పట్టేదాకా నీలిపోగులు గోటితో లాగుతూ ఉండేది. కోటు పాడైపోతోందని తల్లి కసిరినా మానేది కాదు.

“అదా? వద్దండీ. మూడేళ్ళుగా దాన్ని ఎవరూ ముట్టలేదని మామగారే అన్నారు.”

“ఇదే కావాలి.”

“మీ చంక ఇందులో అసలే పట్టదు.”

“కుట్లు విప్పి వదులు చెయ్యండి. శుక్రవారం వచ్చి తీసుకెళ్తా.”

“మొండిఘటమండీ మీరు.” గెవిన్ టేపు పెట్టి కొలుస్తూ మాటల్లో పడ్డాడు. “ఒకందుకు మీ పట్టూ సబబే. ఆ రోజు అందరి కళ్ళూ పెళ్ళికూతురి మీదా, పక్కన నడిచే తండ్రి మీదా ఉంటాయి. ముందు తోలుతిత్తి నొక్కుతూ బ్యాగ్‌పైప్ ఊదుకుంటూ పోయేవాణ్ణి ఎవడు చూస్తాడు? నా పెళ్ళికి ఊదినవాడి మొహం ఎలా ఉంటుందంటే నేనే చెప్పలేను.”

“అవును, చూడరు,” అన్నాడు లాక్లన్ అద్దంలోకి చూస్తూ.

జనం చూపులు అతనికక్కర్లేదు. కర్స్టీ ఒక్కతి చూడాలి. ఈ నీలిపోగులు చూసి, లోపలెక్కడో ఏదో కదిలి, తన మొహంలోకి ఒక్కసారి తేరిపార చూడాలి. క్షమించమని అడిగే హక్కు తనకి లేదు. గుర్తుపడితే చాలు.

శనివారం పన్నెండింటికే చర్చి దగ్గరికి చేరుకున్నాడు. కర్స్టీ తల్లి లోపలికి వెళ్ళేదాకా గోడ చాటున నిలబడి, తర్వాత గేటు దగ్గరికి వచ్చాడు. తుంపర పడుతోంది. చేతిలోని నల్లపెట్టె కాళ్ళ దగ్గర దించి, బూట్లు రెండుసార్లు తుడుచుకున్నాడు. ఎడమ చెయ్యి ఎడంగా పెట్టి చూసుకున్నాడు. గెవిన్ భార్య కుట్టు బాగా కుట్టింది. ఎక్కడా పట్టేయడం లేదు.

ఒంటిగంటకి కారొచ్చింది. కర్స్టీ దిగింది. నుదురు తల్లిదే, గడ్డం మాత్రం తనది. గౌను అంచు ఎత్తి పట్టుకుని తిన్నగా అతని దగ్గరికే వచ్చింది. లాక్లన్ కోటు సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు.

ఆమె చూపు కోటు మీద ఆగింది. చెయ్యి చాచి, భుజం దగ్గర నీలిపోగు ఒకటి గోటితో మెల్లగా లాగింది.

“ఈ కోటు ఎక్కడో చూసినట్టుంది,” అంది.

లాక్లన్ మాట కూడగట్టుకుని నోరు తెరిచాడు.

ఆమె అప్పటికే వెనక్కి తిరిగి, కారులోంచి దిగుతున్న పెద్దమనిషి చెయ్యి అందుకుంటూ, “నాన్నా, బ్యాగ్‌పైప్ ఊదే ఆయన వచ్చేశాడు, ఇక ఆయన వెనకాల మనం నడవడమే,” అంది.