చెట్టెక్కిన ఏనుగు

ఏనుగు చెట్టెక్కనంటోంది.

మూడు రోజులుగా బొమ్మలావిడ దాన్ని ఎలాగైనా ఎక్కించాలని చూస్తోంది. ముందుకాళ్ళు కొమ్మ మీద పెడితే వెనక్కి పడిపోయేలా ఉంది. తొండం చుట్టి వేలాడదీస్తే ఆరేసిన దుప్పటిలా ఉంది. ఆరో కాగితం కూడా ఉండచుట్టి బుట్టలో వేసింది.

పదేళ్ళుగా పాఠ్యపుస్తకాలకు కప్ప పేగులు, కాండం అడ్డుకోతలు వేసిన చెయ్యి ఆమెది. పిల్లల పుస్తకం చేయడం ఇదే మొదలు. బొమ్మలూ ఆవిడవే, పక్కన కథ అక్షరాలూ ఆవిడ చేత్తో రాసినవే. "ఇది కుదిరిందా, ఇక అన్నీ పిల్లల పుస్తకాలే. లేదా, మళ్ళీ కప్పలే" అని తేల్చేశాడు పబ్లిషర్. కథ రాసింది పేరున్న మాస్టారు కాబట్టి కవరైనా విప్పకుండా ఆమె చేతిలో పెట్టేశాడు. మాస్టారి రాతేమో కోడి కెలికినట్టుంటుంది. కూడబలుక్కుని చదవడానికే ఒక పూట పట్టింది.

"ఏం మనిషండీ ఈయన" అని మొగుడి దగ్గర వాపోయింది. "ఏనుగు చెట్టెక్కుతుందట. తేనెపట్టు పిండుకుని తాగుతుందట. ఆనక గుహలో దూరి చలికాలమంతా గురకపెడుతుందట."

"ఆయనకేం, రాసి పారేస్తాడు. ఎక్కించాల్సింది నువ్వు కదా."

"మీరోసారి స్టూలెక్కుతారా?"

"నేనెందుకు?"

"బరువైన ఒళ్ళు ఎలా ఎక్కుతుందో చూడాలి."

ఆయన కాసేపు మూతి ముడుచుకున్నాడు. తర్వాత బుద్ధిగా బీరువా పక్కన స్టూలెక్కాడు. ఆవిడ ఆయన నడుముకు రెండు దిళ్ళు కట్టి, మెడలో మొక్కలకు నీళ్ళు పట్టే గొట్టం వేసింది. ఆయన బీరువా అంచు పట్టుకుని, ఒక కాలు గాల్లో పెట్టి, "తొందరగా వెయ్యవే, పడిపోతాను" అని మూలుగుతూనే ఉన్నాడు. ఆమె పెన్సిలు మాత్రం ఆగలేదు. ఆ భయం, ఆ పట్టుదల, గాల్లో ఆ కాలు అన్నీ కాగితం మీదకు దిగాయి. ఏనుగు చెట్టెక్కేసింది.

పుస్తకం అచ్చయింది. మాస్టారికి ఒక ప్రతి పోస్టులో వెళ్ళింది. ఆయన నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. నచ్చలేదేమో, మళ్ళీ కప్పలే రాసిపెట్టి ఉన్నాయేమో అని వారం రోజులు ఆవిడకు అన్నం సయించలేదు.

పిల్లలు మాత్రం ఎగబడ్డారు. నెల తిరక్కుండా రెండో ముద్రణ వేశారు. ఆ ఏడాది బహుమతి కూడా దానికే వచ్చింది. ఏనుగును చెట్టెక్కించడమంటే మాటలు కాదని, అలాంటి ఊహ మాస్టారికే చెల్లిందని న్యాయనిర్ణేతలు ఆకాశానికెత్తేశారు.

బహుమతి సభలోనే ఆమె మాస్టారిని మొదటిసారి చూసింది. చిన్న మనిషి, పెద్ద కళ్ళజోడు. "ఈ ఊహ మీకెలా తట్టిందండీ?" అని ఒక విలేకరి అడిగాడు. ఆయన గట్టిగా దగ్గి, ఆమె వంక చూపించి, "అంతా ఈ అమ్మాయి చలవే" అన్నాడు. అంత పెద్దాయనకు ఎంత వినయమో అని ఆమెకు కళ్ళు చెమర్చాయి.

సభ అయ్యాక మెట్ల దగ్గర ఆయన్ని అందుకుంది.

"మాస్టారూ, మీరు ఆ ఏనుగు కథ రాయకపోయుంటే నేనింకా కప్పల దగ్గరే ఉండేదాన్ని."

మాస్టారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నా కోడిగీతల్లో నీకు ఏనుగెలా కనపడిందో గానీ తల్లీ, నేను రాసింది ఎలుగు."