అద్దం అవతల తాళంచెవి

రఘురాం రెండు చేతులూ కళ్ళకి అడ్డం పెట్టుకుని కారు అద్దంలోంచి లోపలికి చూశాడు. డ్రైవరు సీటు మీద తాళంచెవి తాపీగా పడుకుని ఉంది. నాలుగు తలుపులూ బిగిసిపోయి ఉన్నాయి.

"లోపలెలా వదిలేశావయ్యా?"

"ఇయాల ఇస్వకర్మ పూజ గదాని బండి కడిగి, సీటు తుడిసినాను బాబూ. తలుపు ఏసీసినాక సూసుకున్నాను," అన్నాడు బైరాగి బుర్ర గోక్కుంటూ.

అందులో కడగడం, తుడవడం నిజం. తాళంచెవి సీటు మీద పెట్టి, మీట నొక్కి తలుపు వేసింది మాత్రం కావాలనే. పట్టాభిగారు బ్యాంకులో ఆఫీసరుగా ఉన్న రోజుల నుంచి బైరాగి ఆ తెల్ల అంబాసిడర్ తప్ప మరో బండి నడిపి ఎరగడు. కారు ఉంటేనే తనకి ఉద్యోగం. ఆయన పోయాక కూడా భార్య జ్ఞానప్రసూనమ్మగారు అతని జీతం ఆపలేదు, రోజూ సాయంత్రం క్యారేజీ కట్టి ఇవ్వడం మానలేదు. ఇప్పుడు హైదరాబాదు నుంచి ఆవిడ మరిది రఘురాం దిగాడు. ఒంటరి మనిషికి కారెందుకు, డ్రైవరెందుకు, శుద్ధ దండగ అని ఫోనులోనే తేల్చేశాడు. ఆవిడ ఎవరి మాటా కాదనగలిగే మనిషి కాదు. "నీ ఇష్టం రఘురాం. సెప్టెంబరు పదిహేడున రా, ఆ రోజు మంచిది," అని మాత్రం అంది.

కారు కొనడానికి వచ్చిన ఘోషాల్ బాబు గేటు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఖిదిర్‌పూర్‌లో పెళ్ళిళ్ళకి కార్లు అద్దెకిస్తుంటాడు. ఆ పదిహేడో తారీఖు విశ్వకర్మ పూజ, పనిముట్లకీ బళ్ళకీ పండగ. ఆ నాడు బండి తెచ్చుకుంటే కలిసొస్తుందని ప్రసాదం పొట్లం కూడా వెంట తెచ్చుకున్నాడు.

"వదినా, రెండో తాళంచెవి ఉండాలిగా?" అన్నాడు రఘురాం.

"ఉండాలి. మీ అన్నయ్య ఎక్కడో దాచారు," అంటూ జ్ఞానప్రసూన లోపలికి వెళ్ళింది.

బైరాగి ఆవిడ వెనకే గుమ్మం దాకా వెళ్ళాడు. రెండో తాళంచెవిని అతను ఏనాడూ చూడలేదు. అసలు లేదనే అనుకున్నాడు.

ఆవిడ బీరువా తీసింది. పట్టాభిగారి కోటు జేబులు దులిపింది. దేవుడి పటాల వెనక తడిమింది. వంటింట్లోకి వెళ్ళి డబ్బాల మూతలు తీస్తున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. మొహం నిండా చెమటతో బయటికొచ్చి, స్టూలు లాక్కుని అటక మీద వెతకడానికి ఎక్కింది. అది చూసి బైరాగికి తన మీద తనకే అసహ్యం వేసింది. పరిగెత్తుకెళ్ళి స్టూలు పట్టుకున్నాడు.

"దిగండమ్మగారూ. నానెక్కి సూస్తాను."

"నీకు దొరకదులే బైరాగీ. ఆయన దాచిన చోట్లు నాకే తెలీదు."

రఘురాంకి ఓపిక అయిపోయింది. "ఇలా కాదు. తాళాలు బాగుచేసేవాణ్ణి పట్టుకురా."

"ఇయాల ఎవుడూ రాడు బాబూ. సుత్తీ, ఆకురాయీ అన్నీ దేవుడి ముందర ఎట్టీసి బొట్లెట్టీస్తారు. రేపటి దాకా ముట్టరు."

"ఇంత ఊళ్ళో ఒక్కడు కూడా దొరకడా?"

"మెకానిక్కులైనా అంతే బాబూ. అందరూ మేడల మీద పతంగులు ఎగరేసుకుంతన్నారు, సూడండి."

రఘురాం తలెత్తి చూశాడు. నిజంగానే ఆకాశం నిండా గాలిపటాలు. ఇలాంటి రోజు ఒకటుందని హైదరాబాదులో అతనికెవరూ చెప్పలేదు. వాచీ చూసుకున్నాడు. సాయంత్రం హౌరాలో రైలెక్కాలి.

"అయితే అద్దం పగలగొట్టేద్దాం," అంటూ గోడ పక్కనున్న ఇటుక తీశాడు.

ఘోషాల్ బాబుకి తెలుగు రాదు గానీ ఇటుక అర్థమైంది. "ఛీ ఛీ! పూజనాడు బండిని కొడతారా మహాశయా?" అని హిందీలో మండిపడ్డాడు. "నా ఇంటికి రావడం ఈ బండికే ఇష్టం లేదు. నాకొద్దు." ప్రసాదం పొట్లం జ్ఞానప్రసూన చేతిలో పెట్టి, గొడుగు ముడుచుకుని వెళ్ళిపోయాడు.

"మళ్ళీ నాకు సెలవు దొరికేది వేసవిలోనే," అని విసుక్కుంటూ రఘురాం టాక్సీ ఎక్కాడు.

"అప్పుడే చూద్దాంలే," అంది వదినగారు.

సాయంత్రం బైరాగి వెళ్ళబోతుంటే ఆవిడ ఎప్పటిలాగే క్యారేజీ తెచ్చి ఇచ్చింది. "గిన్నెలన్నీ రేపు తెచ్చెయ్ బైరాగీ. మర్చిపోకు."

"అలాగేనమ్మగారూ," అన్నాడు, ఆవిడ మొహంలోకి చూడలేక.

ఖిదిర్‌పూర్‌లో ఇంటికి చేరేసరికి భార్య అప్పలకొండమ్మ అప్పుడే పనిలోంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. ఆమె కార్పొరేషన్‌లో రోడ్లు ఊడుస్తుంది. బైరాగి కడుపులో ఉన్నదంతా కక్కేశాడు.

"ఎంత పని సేసినావు మావా! నోట్లో నాలిక లేని తల్లిని మోసం సేసీసినావా? ఆ వయసులో స్టూలెక్కి ఎతికిందా?"

"ఉజ్జోగం పోద్దని బయమేసీసిందే."

"బయమేస్తే నోరిప్పి అడగాల. ఆయమ్మ ఎట్టిన కూడు ఎలాగ మింగుతావు?"

బైరాగి క్యారేజీని భార్య వైపు జరిపాడు. "రేపెల్లి కాళ్ళట్టుకుని నిజం సెప్పీస్తాను. పొమ్మంటే పోతాను," అన్నాడు చివరికి.

అప్పలకొండమ్మ గొణుక్కుంటూనే క్యారేజీ విప్పింది. పై గిన్నెలో పులిహోర, మధ్య గిన్నెలో వంకాయ కూర. అడుగు గిన్నె తేలిగ్గా ఉంది. ఎత్తితే గలగలమంది. "ఇదేటి?" అంటూ మొగుడి ముందు పెట్టింది.

అందులో అంబాసిడర్ రెండో తాళంచెవి ఉంది.