విమానం పిడి

"ఇంకా ఏమైనా ఉన్నాయా? చిన్న మేకైనా సరే, దాచుకోవద్దు" అన్నాడు ఆఫీసరు.

మోస్రా శివార్లో, చెరుకు తోట గట్టున ఆగిన మిలిటరీ లారీ ముందు ఇనుప సామాను కుప్ప పడుతోంది. నిరుడు వానాకాలం ఈ తోటలోనే జెట్ విమానం కూలింది. వాగులు తగ్గాక వచ్చిన అధికారులు పెద్ద తునకలు లాక్కుపోయారు. కూలోళ్లను ఒక్క మాట అడిగింది లేదు, చెప్పింది లేదు. బురదలో మిగిలింది ఊళ్లోకి చేరింది. రెక్క రేకు లింబయ్య కోళ్లగూటికి తలుపైంది. ఒక గొట్టం బెల్లం పొయ్యి ఊదడానికి పనికొచ్చింది.

ఇప్పుడు అవన్నీ తిరిగొస్తున్నాయి. ఆఫీసరు ఒక్కో తునకనూ పసిబిడ్డ ఒళ్లు తడిమినట్టు తడుముతున్నాడు. చిన్న వయసే. కానీ నడుముకు తోలు పట్టీ ఉంది, వంగినప్పుడల్లా పళ్లు బిగపడుతున్నాడు.

"గద్దలు మీదికెల్లి పోతయి, గీ సారు కింద ఈకలేరుతుండు" అని లింబయ్య నవ్వాడు.

"నోరు మూస్కో లింబన్నా" అన్నాడు లారీ డ్రైవర్ రాజారాం. అతనిది నిజామాబాదే. "సారు గూడ ఎగిరినోడే. కూలెటి విమానంలకెల్లి దుంకిండు, నడుము పోయి గిట్ల ఐండు. మనకు విమానాలమ్మిన దేశం, మొన్న లడాయి అయినకాడికెల్లి మేకు గూడ పంపుతలేదు. సచ్చినదాని కాలు తెచ్చి కుంటిదానికి పెట్టి లేపుతున్నరు. ఎరికేనా?"

లింబయ్య నవ్వు ఆగింది. తలెత్తి పైకి చూశాడు. అందరూ చూశారు. ఉరుముతూ ఆకాశాన్ని చీల్చుకుంటూ పోయే ఆ విమానాలు చచ్చినవాటి అవయవాలు తగిలించుకుని పోతున్నాయా?

గుంపులోంచి యేసమ్మ ఒకడుగు ముందుకొచ్చింది. అమ్మేటప్పుడు చేతులు కలిపి, ఆపదొస్తే మేకు దాచుకునే దొరబుద్ధి ఆమెకు కొత్త కాదు. పరాయి చెరుకు నరికి బతికేవాళ్లెవరికీ కొత్త కాదు. మబ్బుల్లో ఎగిరేదానిది కూడా తమలాగే అతుకుల బతుకని మాత్రం ఇప్పుడే తెలిసింది.

"ఒక్కటి దొరకలేదు" అన్నాడు ఆఫీసరు. "పైలట్ చేత్తో పట్టి నడిపే పిడి. మూరెడు ఉంటుంది, నల్లగా. అది లేక ఒక విమానం నేల మీదే పడి ఉంది."

అందరి కళ్లూ యేసమ్మ మీదికి తిరిగాయి.

"నా దగ్గరున్నది" అందామె. "కానీ ఇయ్యరాదు. బొందల పెట్టినం."

"బొందలోనా?"

యేసమ్మ చెప్పింది. ఆ రోజు ఆసామి వీరరాఘవయ్య కాలిన చెరుకును చూసి నెత్తి కొట్టుకుంటుంటే, కూలోళ్లు మనిషి కోసం బూడిద జల్లెడ పట్టారు. ఎముక ముక్క కూడా దొరకలేదు. మిలిటరీ టోపీ ఒకటి, దాని పక్కన ఆ పిడి దొరికాయి. యేసమ్మ పెనిమిటి దేవయ్య పోచంపాడు కాడ చేపలకు పోయి గోదాట్లో కొట్టుకుపోయాడు. శవం దొరకనివాళ్లకు వాళ్ల వాడలో ఒక పద్ధతుంది. ఆఖరికి చేత్తో ఏం పట్టుకున్నారో దానికే నూనె రాసి, ప్రార్థన చేసి పాతిపెడతారు. దేవయ్యకు తెడ్డు. ఈ పిలగాడికి పిడి. పోలీసులకు తెలిస్తే తవ్వి పంచనామా అంటారని వాడంతా నోరు కుట్టేసుకుంది.

రాజారాం ఏదో అనబోయాడు. ఆఫీసరు అతని భుజం నొక్కాడు.

"చూపించమ్మా."

బొందలగడ్డలో రెండు సిలువలు పక్కపక్కనే ఉన్నాయి. రెండింటి కిందా వాడని బంతిపూలు. ఒకదాని మీద దేవయ్య పేరు ఉంది. రెండోదాని మీద ఏమీ లేదు.

"ఐతారం గుడి కాంగనే వస్త" అంది యేసమ్మ. "మా ఆయనతోని లొల్లి, ఈ పిలగానితోని ముచ్చట. ఏ తల్లి కన్నదో. ఆమె ఈడికి రాలేదు గద, ఆమె బదులు నేను ఏడ్వద్దా?"

ఆఫీసరు పేరు లేని సిలువ ముందు తల వంచి నిలబడ్డాడు. ఏ గుడిలో కూడా ఎవరూ అట్లా నిలబడగా ఆమె చూడలేదు.

"ఉండనీ అమ్మా. తవ్వొద్దు" అన్నాడు చివరికి.

"ఇంకో తాన దొరుకుతదా?"

"దొరకదు."

"ఇది పెడితె గా విమానం తోలెటోడు పానంతోని తిరిగొస్తడా?"

"వస్తాడని మాటివ్వలేను. ఇది లేకపోతే మాత్రం ఎగరనే లేడు."

యేసమ్మ మట్టి మీద కూచుని అరచెయ్యి ఆనించింది. "బిడ్డా, నీ పిడి అడుగుతుండ్రు. ఇయ్యమంటవా?"

"ఇమ్మంటున్నాడమ్మా" అన్నాడు ఆఫీసరు మెల్లగా.

"నీకెట్ల ఎరుక? నేను వారం వారం మాట్లాడెటిదాన్ని, నాకే ఇనపడలే" అని కసిరింది. కాసేపు చెవొగ్గింది. తర్వాత లేచి కొంగు దులుపుకుంది. "సరే తియ్యి. సచ్చినోనికి పిడెందుకు? బతికినోని చేతిల పెట్టు. లింబయ్యా, పార పట్టు."

ఆముదంలో నానిన తెల్లగుడ్డ విప్పితే పిడి నల్లగా నిగనిగలాడింది. తుప్పు జాడ లేదు. మిలిటరీ గోదాముల్లో కూడా సామానుకు ఇంత సేవ జరగదని రాజారాం నోరెళ్లబెట్టాడు. ఆఫీసరు దాన్ని పట్టుకోగానే వేళ్లు వాటంతటవే దాని చుట్టూ ముడుచుకున్నాయి.

"ఇంట్ల దాసిన టోపీ గూడ తీస్కపోతరా?"

"వద్దమ్మా. అది నీ దగ్గరే ఉండనీ."

మట్టి కప్పారు. యేసమ్మ పూలు మళ్లీ సర్దింది. ఖాళీ సిలువను కొంగుతో తుడిచింది.

"సారు, ఒక్క మాట. పేరు లేని బొందకు మొక్కుడు ఎంత బాధనో నీకు తెల్వది. గీ విమానం తోలిన పిలగాని పేరేంది? రాపిస్త."

ఆఫీసరు ఆమె రెండు చేతులూ తీసుకుని కళ్లకద్దుకున్నాడు. రాజారాం మొహం తిప్పుకున్నాడు.

ఆయన తన పేరే చెప్పాడు.