పిలిచినా లేవని మనిషి

"నలభై ఒకటి!"

క్యాషియరమ్మ మూడోసారి కేకేసింది.

ముందు వరసలో కూర్చున్న పెద్దాయన కదల్లేదు. ఆ టోకెన్ ఆయన చేతిలోనే ఉంది.

"తాతగారూ, మీదే!"

"నాకేం తొందర్లేదమ్మా. తర్వాతవాళ్ళని పిలువు."

మూడు రోజులుగా ఇదే తంతు. పొద్దున్నే వస్తాడు, టోకెన్ తీసుకుంటాడు, పేపరు తెరుస్తాడు, తలుపులు మూసేదాకా కూర్చుంటాడు. డబ్బు తియ్యడు, వెయ్యడు.

అద్దాల గదిలోంచి చూస్తున్న, బ్యాంకు పెట్టుబడుల వ్యవహారం చూసే బాండ్ల మేడానికి ఏమీ అంతుపట్టలేదు. ఆవిడ ఈ ఊరొచ్చి, ఈ బ్యాంకులో చేరి రెండు నెలలే అయింది.

చేరీ చేరగానే నెత్తిన పడింది తలనొప్పి. ఆవిడకి ముందున్నాయన డిపాజిట్లలో సగం తీసుకెళ్ళి పదేళ్ళ ప్రభుత్వ బాండ్లలో పెట్టి, హాయిగా రిటైరైపోయాడు. ఆ తర్వాత వడ్డీలు పెరిగాయి. కొత్త బాండ్లు ఎక్కువ వడ్డీ ఇస్తుంటే పాతవాటి మొహం ఎవరు చూస్తారు? ధర పడిపోయింది. గడువుదాకా ఓపిక పడితే అసలంతా చేతికొస్తుంది. ఇవాళే అమ్ముకోవాల్సొస్తే మాత్రం బ్యాంకు తుడిచిపెట్టుకుపోతుంది.

ఈ సంగతి ఎలాగో బయటికి పొక్కింది. జనం రావడం మొదలుపెట్టారు.

ఒక్కటే దారి. ఆ బాండ్లను కేంద్ర బ్యాంకులో తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోవాలి. డబ్బు రేపు పదింటికి అందుతుంది. అప్పటిదాకా హాల్లో గొడవ లేకపోతే చాలు.

విచిత్రం ఏమిటంటే, నిజంగానే గొడవ లేదు. జనం ఉరుకులు పరుగుల మీద వస్తున్నారు, కాసేపు కూర్చుంటున్నారు, సగంమంది టోకెన్ తిరిగిచ్చేసి ఇళ్ళకి పోతున్నారు. డబ్బు కోసం వచ్చినవాళ్ళు తియ్యకుండానే ఎందుకు పోతున్నారో ఆవిడకి బోధపడలేదు.

ఉండబట్టలేక వెళ్ళి పెద్దాయన పక్కన కూర్చుంది.

"మీకేం పనండీ ఇక్కడ?"

"కూర్చోవడమే పని. టోకెన్ లేకపోతే మీ గార్డు కూర్చోనివ్వడుగా." ఆయన గొంతు తగ్గించాడు. "బాండ్లు చూసేది నువ్వేనా అమ్మా? ఎన్నేళ్ళవి?"

ఆవిడ చప్పున చుట్టూ చూసింది.

"మీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? ఎప్పుడడిగితే అప్పుడివ్వాల్సిన డబ్బుతో, ఎప్పటికో చేతికొచ్చే కాగితాలు కొన్నారు. అన్ని బ్యాంకులూ చేసేదే. ఏమైనా సరే, వాటిని అమ్మెయ్యకు. తాకట్టు పెట్టు. అమ్మనంతసేపూ ఆ నష్టం కాగితం మీదే ఉంటుంది."

తాకట్టు సంగతి బ్యాంకులో ముగ్గురికే తెలుసు. ఈయనకెలా తెలిసింది?

మేడం పరుగున పెద్దసారు గదిలోకి వెళ్ళింది.

"సార్, ఆయనకన్నీ తెలుసు!"

"డబ్బు తియ్యడు, గుట్టు మాత్రం లాగుతాడా? పుకారు పుట్టించింది వీడేనమ్మా. పోటీ బ్యాంకు మనిషై ఉంటాడు. పంపించెయ్."

"కానీ, అమ్మొద్దని చెప్తున్నాడు సార్..."

"నిన్ను నమ్మించడానికే!"

అవునో కాదో ఆవిడకి తేలలేదు. తేలకుండానే గార్డుకి సైగ చేసింది.

గార్డు వచ్చి భుజమ్మీద చెయ్యి వేస్తే పెద్దాయన కంగారుపడ్డాడు. తన కోసం కాదు. వెనక వరసలవైపు ఒకసారి చూశాడు.

"ఇప్పుడు నేను లేస్తే బాగుండదమ్మా. రేపటిదాకా ఉండనివ్వు."

"రేపటిదాకా ఎందుకు?"

"ఇంతమందిలో చెప్పేది కాదు."

"అయితే దయచెయ్యండి."

ఆయన పేపరు మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తలుపు మూసుకుందో లేదో, హాల్లో ఒకరు లేచారు. తర్వాత పదిమంది. ఎవరూ కేకలు వెయ్యలేదు, తిట్టలేదు. కౌంటరుకి అడ్డంగా నిలబడి, తమ డబ్బు తమకిమ్మన్నారు. పావుగంటలో క్యూ మెట్లు దిగి వీధి మలుపు తిరిగింది.

ఒంటిగంటకి ఉన్న నగదంతా అయిపోయింది.

"అమ్మెయ్!" అన్నాడు పెద్దసారు, చెమట తుడుచుకుంటూ.

"రేపు పదింటిదాకా ఆగితే..."

"ఆగుతారా వాళ్ళు? అమ్మెయ్యమ్మా!"

ఆవిడ అమ్మేసింది. నూరు రూపాయల బాండు డెబ్బై ఒకటికి. కాగితం మీది నష్టం కాస్తా నిజమై కూర్చుంది. సాయంత్రానికి క్యూ తరిగింది గానీ, బ్యాంకులో ఇక మిగిలిందేమీ లేదు. రేపు ఈ తలుపులు తెరవరని ఆవిడకి అప్పుడే తెలిసిపోయింది.

బయట మెట్ల మీద ఒక టీచరమ్మ డబ్బు సంచీలో సర్దుకుంటూ కనిపించింది. మూడు రోజులూ హాల్లో చూసిన మొహమే.

"ఒక్కమాట చెప్తారా? ఇన్నాళ్ళూ నిమ్మళంగా ఉన్నారు. ఇవాళ ఒక్కసారిగా ఏమైంది మీకందరికీ?"

"మాకేమైంది? మీరేగా ఆయన్ని పంపించేశారు. ఆయన డబ్బంతా ఈ బ్యాంకులోనే ఉంది. బ్యాంకు మునిగేటట్టుంటే అందరికంటే ముందు ఆయనకే తెలుస్తుంది. ఆయన కూర్చున్నాడు కాబట్టి మేమూ కూర్చున్నాం. ఆయనే లేచిపోయాక ఇంకెవర్ని చూసుకుని ఉంటాం?"

"ఎవరండీ ఆయన?"

టీచరమ్మ ఆవిడని ఎగాదిగా చూసింది.

"పన్నెండేళ్ళ కిందట ఇలాగే జనం ఎగబడితే, భయపడి బాండ్లన్నీ ఒక్కరోజులో అమ్మేసి, మా పాత బ్యాంకుని ముంచేసిన ఆఫీసరు ఆయనేనమ్మా."