ముప్పై గోలీలు

"నెల గోలీలు అప్పుడే అయిపోయినయా?"

రాజ్యశ్రీ అడిగిన తీరుకు జంపయ్య బెదిరిపోయి, కౌంటరు మీద పెట్టిన మూడు ఖాళీ అట్టలనూ కాస్త వెనక్కి లాక్కున్నాడు. జూలూరుపాడులో ఆ మందుల షాపు రాజ్యశ్రీదే. డాక్టరు చీటీ చూసి డెబ్బై ఏళ్ల జంపయ్యకు ముప్పై బీపీ గోలీలు సోమవారం ఆమే ఇచ్చింది. ఈ రోజు గురువారం.

"రోజుకొకటే అని చెప్పిన గద తాతా. ఒకటికి మూడుసార్లు చెప్పిన."

"అవ్, చెప్పినవ్."

"యాడన్న పారేసుకున్నవా?"

"ఒక్కటి గుడ కింద పడలే బిడ్డా. అన్ని కడుపులకే పోయినయ్."

"ఎన్ని రోజులల్ల?"

"రోజులేంది, ఒక్క పూటల్నే."

రాజ్యశ్రీ కౌంటరు దాటి బయటికొచ్చింది. నెల మందు ఒక్క పూటలో మింగిన మనిషి ఆస్పత్రి మంచం మీదైనా ఉండాలి, అసలు లేకుండానైనా పోవాలి. ఈయనేమో గూడెం నుంచి ఆరు కిలోమీటర్లు అడవి దారిన నడిచొచ్చి, ఇంకో ముప్పై ఇమ్మంటున్నాడు. గబగబా స్టూలు మీద కూర్చోబెట్టి, చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. నూట తొంభై. నమ్మకం కుదరక మళ్లీ చూసింది. అంతే ఉంది. పాతాళానికి పడిపోవాల్సిన బీపీ పైకెందుకు పోయిందో ఆమెకు ఎంత ఆలోచించినా అంతుబట్టలేదు.

"తల తిరుగుతాందా తాతా?"

"తిరుగుతాంది. మొన్నటికంటె జర ఎక్కువనే."

అప్పుడు పట్టుకుంది అసలు భయం. మందే నకిలీదేమో. అదే డబ్బాలోంచి ఈ వారం ఎంతమంది ముసలివాళ్లకు ఇచ్చిందో గుర్తు చేసుకోబోయింది. ఏన్కూరు గంగక్క, ఎదురింటి పిచ్చయ్య, ఇంకా ఎవరెవరో. ఒక పేరు తడితే ఇంకో పేరు తప్పిపోతోంది. షాపు మాట దేవుడెరుగు, వాళ్ల ప్రాణాలకు ఏం జవాబు చెప్పాలి? సరుకు పంపినవాళ్లకు ఫోన్ కలిపింది. ఎవరూ ఎత్తలేదు.

జంపయ్య ఆమె మొహం వంకా, ఫోన్ వంకా మార్చి మార్చి చూశాడు. మందు అడిగితే ఈ పిల్ల ఇంత గాభరా ఎందుకు పడుతోందో ఆయనకూ అయోమయంగానే ఉన్నట్టుంది.

"తాతా, నేనేం తిట్టను. నిజం చెప్పు. గన్ని గోలీలు ఒక్క పూటకే ఎందుకు అయినయ్?"

"ప్రాణం నిలబెట్టే మందని నువ్వే అంటివి గద," జంపయ్య నొచ్చుకుంటూ అన్నాడు. "గసుంటిదాన్ని నేనొక్కన్నే మూలకు కూసోని ఎట్ల తింట? వాగుల నాలుగు చేపలు పడ్డా మేము ఇంటింటికి వంతు ఏస్తం. ముప్పై ఇండ్లకు ముప్పై ఏసిన. పంచెటోడు ఆఖరుకు తీసుకోవాలె, నా ఇంటికొచ్చేసరికి అట్ట ఖాళీ. ఈసారి ముప్పై ఒకటి ఇయ్యి బిడ్డా, నాక్కూడ ఒకటి దొరుకుతది."