పరంజా మీది మనిషి

శామీర్‌పేట దాటాక ఉన్న పాత రాతి బంగళాలో పొద్దున్నే పెళ్లివారు దిగుతారు. అందుకే కుర్మయ్య, అతని భార్య సాలమ్మ చీకటి పడ్డా పని ఆపలేదు. గోడకు పొరలు పొరలుగా పట్టిన పచ్చ రంగును అతను వెదురు పరంజా ఎక్కి వైరు బ్రష్షుతో గీకుతుంటే, ఆమె కింద రాళ్లు కడుగుతోంది. దీపం కిందే ఉంది. పైన మనిషి మసకగా కదలడం, తల మీద రంగు పెచ్చులు రాలడం, అంతే ఆమెకు తెలుస్తోంది.

బిందె నింపుకుందామని సాలమ్మ గేటు దగ్గరి కుళాయికి వెళ్లింది. ఎదురుగా కుర్మయ్య, చేతిలో చాయ్ పార్సిల్‌తో రోడ్డు మీంచి వస్తున్నాడు.

"నువ్వెప్పుడు దిగినవయ్యా?"

"గంటైతాంది. నువ్వే పైకెక్కి, చాయ్ తెమ్మని నన్ను తోలినవు గదా!"

సాలమ్మ గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది. వెనక గోడ మీద బర్రుబర్రుమని గీకుతున్న చప్పుడు ఆగలేదు.

"నేను ఎక్కనే లేదయ్యా, ఈడనే ఉన్న. మరి పైన ఎవరు?"

చప్పుడు ఆగిపోయింది. తర్వాత పరంజా మీంచి అచ్చం సాలమ్మ గొంతే వినిపించింది.

"ఎవరితోని మాట్లాడుతున్నవయ్యా? జల్దీ రా."

కుర్మయ్య పైకి చూశాడు. పక్కనున్న ఆమె ముఖంలోకి చూశాడు. మెల్లగా తన చెయ్యి విడిపించుకున్నాడు.